ఐదేళ్ల పిల్లల ‘బడి సంసిద్ధత’ను ఎలా కొలుస్తారు? ఆ లెక్క ఎవరికి పనికిరావాలి?

పుదుచ్చేరి పట్టణంలో సముద్రపు ఒడ్డు నుంచి పడమరగా కొద్ది దూరం వెళ్తే చాలు, చిన్నపిల్లల చదువు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. తీరానికి దగ్గర్లోని ఫ్రెంచ్ లిసే 1826 నుంచి నడుస్తోంది. ఫ్రాన్స్ పద్ధతి ప్రకారం అక్కడ మూడేళ్లకే ‘మాతెర్నెల్’ అనే శిశుపాఠశాల మొదలవుతుంది. ఆ చుట్టుపక్కలే అరవిందాశ్రమ విద్యాకేంద్రం ఉంది. 1943 డిసెంబరు 2న శ్రీమాత ప్రారంభించిన ఈ బడి డిగ్రీలు ఇవ్వదు, ప్రతి పిల్లవాడూ తన వేగంతో ముందుకెళ్లాలంటుంది. కాలువ దాటి ఊళ్లోకి వెళ్తే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు, వాటిని ఆనుకుని నడిచే ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు, అంగన్‌వాడీలు ఉంటాయి. వీధికొకటిగా ప్రైవేటు నర్సరీలు సరేసరి.

ఐదేళ్ల పాపను ఈ నాలుగు చోట్లకూ తీసుకెళ్లి ‘ఈమె బడికి సిద్ధంగా ఉందా’ అని అడిగితే నాలుగు రకాల జవాబులు రావచ్చు. పాప మారలేదు, చూసేవాళ్ల కొలబద్ద మారింది. పుదుచ్చేరికి దాదాపు 870 కిలోమీటర్ల దూరంలో, కాకినాడ పక్కన ఉన్నా ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాంలో, అలాగే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కూడా ఏటా లక్షలాది కుటుంబాలు ఇదే ప్రశ్న ముందు నిలబడుతున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు వయసును ‘పునాది దశ’గా ప్రకటించాక ఈ ప్రశ్న ఇళ్లు దాటి ప్రభుత్వ కార్యాలయాల దాకా వెళ్లింది. పిల్లల సంసిద్ధతను కొలవాలనే విషయంలో ఇప్పుడు పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఏం కొలవాలి, ఎవరు కొలవాలి, ఆ ఫలితంతో ఏం చేయాలి అన్న దగ్గరే అసలు చిక్కు ఉంది.

అంకెలు అప్పజెప్పడం సంసిద్ధతేనా?

చాలా ఇళ్లలో సంసిద్ధత అంటే రెండే ప్రశ్నలు. ఏబీసీడీలు వచ్చా? వంద వరకు చెబుతాడా? పిల్లల వికాసాన్ని అధ్యయనం చేసేవారు చూసేది ఇంతకంటే చాలా విస్తృతం. సాధారణంగా ఐదు రంగాలు లెక్కలోకి వస్తాయి: ఆరోగ్యం, శరీర కదలికలు, నలుగురితో మెలగడం, భయం, కోపం, దుఃఖం వంటి భావాలను సంబాళించుకోవడం, భాష, ఆలోచన, తనకు కావలసింది ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగలగడం.

తేడా తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. ఒకటి నుంచి వంద వరకు గడగడా చెప్పే పిల్లవాడి ముందు చింతగింజల కుప్ప పోసి, ‘నాకు ఐదు గింజలు ఇవ్వు’ అని అడగాలి. కొందరు గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. వారికి అంకెల వరస పాటలాగా వచ్చింది కానీ, చివరగా లెక్కపెట్టిన అంకె మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి ఇంకా పట్టుబడలేదు. ఇరవై దాటి చెప్పలేని పిల్ల ఒక్కొక్కటే వేలితో జరుపుతూ సరిగ్గా ఐదు ఇవ్వవచ్చు. కూడికలు నేర్చుకోవడానికి రెండో పిల్లే ఎక్కువ సిద్ధంగా ఉన్నట్టు.

సంసిద్ధత పరీక్షల్లో మిగతా పనులూ ఇలాంటివే. బొమ్మలను రంగును బట్టి వేరు చేశాక, వాటినే ఆకారాన్ని బట్టి మళ్లీ వేరు చేయమంటారు. కథ బొమ్మలను ముందు వెనకలుగా పేర్చమంటారు. ‘పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడు’ వంటి రెండు మూడు మెట్ల సూచన ఇచ్చి పాటించగలడేమో చూస్తారు. బొమ్మ చూపించి ఏం జరుగుతోందో చెప్పమంటారు. వీటిలో ఏదీ పలక మీద రాయించేది కాదు. కానీ ఒకటో తరగతిలో నలభై మంది మధ్య కూర్చుని టీచరు మాట వినడానికి, పక్కవాడు పెన్సిల్ లాక్కుంటే కొట్టకుండా చెప్పడానికి, చదవడం అనే కొత్త పనిలో ఓపిక పట్టడానికి కావలసినవి ఇవే.

యునిసెఫ్ 2012లో ఇచ్చిన నిర్వచనం ఇంకో అడుగు ముందుకేసింది. సంసిద్ధతకు మూడు కాళ్లు ఉంటాయంది: సిద్ధంగా ఉన్న పిల్లలు, సిద్ధంగా ఉన్న కుటుంబాలు, సిద్ధంగా ఉన్న బడులు. మన దగ్గర కొలత గురించి మాట్లాడినప్పుడల్లా మొదటి కాలు గురించే మాట్లాడుతున్నాం.

పారిస్‌లో మొదలైన కథ

చిన్నపిల్లల సామర్థ్యాన్ని అంకెలతో కొలవడం ఫ్రాన్స్‌లోనే ఊపందుకుంది. చదువు అందరికీ తప్పనిసరి అయ్యాక తరగతిలో వెనకబడే పిల్లలను ఎలా గుర్తించాలన్న ప్రశ్న వచ్చింది. ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ 1905లో ఒక పరీక్షను రూపొందించారు. అదనపు సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. తెలివి అనేది పుట్టుకతో స్థిరపడిపోయిన పరిమాణమన్న వాదనను బినే ఒప్పుకోలేదు. 1911లో ఆయన మరణించాక ఆ పరీక్ష అట్లాంటిక్ దాటింది. స్టాన్‌ఫోర్డ్‌లో లూయిస్ టెర్మన్ 1916లో తెచ్చిన రూపం పిల్లలను వర్గాలుగా విడదీసే పనిముట్టుగా ప్రచారం పొందింది. సాయం చేయడానికి పుట్టిన కొలత ముద్ర వేసే కొలతగా మారడానికి పట్టింది పదేళ్లే. భారత్‌లో కామత్ 1930లలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం బినే పరీక్షను మలిచారు. ‘బినే–కామత్’ పేరుతో అది దశాబ్దాల పాటు క్లినిక్‌లలో వాడుకలో ఉంది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్ మరో ఆలోచనకు బలం ఇచ్చారు. పండు పండినట్టే బిడ్డ కూడా తన లోపలి కాలక్రమంలో పరిపక్వమవుతుందని, సిద్ధంగా లేకపోతే ఒక ఏడాది ఆగాలని ఈ వాదం చెబుతుంది. వినడానికి దయగానే ఉంటుంది. కానీ ఇంట్లో పుస్తకాలూ మాటలూ ఆటవస్తువులూ ఉన్న పిల్లకు ఆ ఏడాది వరం. ఏమీ లేని ఇంట్లో ఆ ఏడాది ఊరికే గడిచిపోతుంది. ఆగడం వల్ల రాని సంసిద్ధత మంచి శిశుపాఠశాల వల్ల వస్తుందన్నది తర్వాతి పరిశోధనల సారాంశం.

డాక్టరు చూసేది వేరు, టీచరు చూసేది వేరు

మూడు వేర్వేరు పనులను మనవాళ్లు ఒకే గాటన కట్టేస్తుంటారు.

మొదటిది ఎదుగుదల లోపాల స్క్రీనింగ్. ఇది ఆరోగ్యశాఖ పని. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్యబృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడి పిల్లలను ఒకసారి పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలు అనే నాలుగు కోణాల్లో చూసి, అనుమానం ఉన్నవారిని పెద్ద ఆసుపత్రికి పంపాలి. జిప్మర్ వంటి బోధనాసుపత్రి ఊళ్లోనే ఉండటం పుదుచ్చేరి పట్టణానికి కలిసొచ్చిన విషయం. స్క్రీనింగ్‌లో అనుమానం వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. అది నిపుణులు తేల్చాలి. ఎప్పుడూ జలుబుతో ఉండే పిల్లవాడికి చెవిలో నీరు చేరి వినికిడి తగ్గితే, క్లాసులో అతను ‘మాట వినని మొండివాడు’ అవుతాడు. ఇలాంటివి పట్టుకోవడమే ఈ పరీక్షల ప్రయోజనం.

రెండోది టీచరు రోజూ చేసే పరిశీలన. ఏ పిల్లకు ఏ పనిలో సాయం కావాలో, రేపటి పాఠం ఎలా మార్చుకోవాలో తెలుసుకోవడం దీని ఉద్దేశం. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ పద్ధతినే సమర్థించింది. ఆరేళ్లలోపు పిల్లలకు పరీక్షలు పెట్టడం ఎంతమాత్రం తగదని, గమనించడం, పిల్లలు చేసిన పనులను దాచి చూడటమే సరైన దారి అని స్పష్టంగా చెప్పింది.

మూడోది జనాభా స్థాయి కొలత. ఒక ఊళ్లో, ఒక జిల్లాలో బడిలో అడుగుపెడుతున్న పిల్లలందరూ ఎలా ఉన్నారు? ఏ పేటలో ఏ రంగంలో వెనకబడ్డారు? ఇది ప్రభుత్వానికి కావలసిన సమాచారం. మన దగ్గర క్రమం తప్పకుండా జరగనిది ఇదే.

మెదక్, వరంగల్ పిల్లలు చెప్పిన సంగతి

ఈ విషయంలో దేశంలో జరిగిన ముఖ్యమైన అధ్యయనాల్లో ఒకటి తెలుగు నేల మీద కూడా సాగింది. ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి 2011లో మొదలుపెట్టిన ఈ పరిశోధన నివేదిక 2017లో వచ్చింది. అస్సాం, రాజస్థాన్‌లతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్, వరంగల్ జిల్లాల పల్లెలను ఎంచుకున్నారు. అధ్యయనం ముగిసేసరికి అవి తెలంగాణ అయ్యాయి. మూడు రాష్ట్రాల్లో సుమారు 14,000 మంది నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెంబడించారు. ఐదేళ్ల వయసులో వారి సంసిద్ధతను పైన చెప్పుకున్న తరహా పనులతో, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని కొలిచారు.

మొదటి సంగతి, పిల్లలు బడిబాట పట్టకపోవడం సమస్య కాదు. నాలుగేళ్ల పిల్లల్లో పదిమందికి ఏడుగురు అప్పటికే ఏదో ఒక శిశుకేంద్రంలో ఉన్నారు. రెండోది, కాగితం మీద ఉన్న దారి వేరు, పిల్లలు నడిచిన దారి వేరు. అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి, అక్కడి నుంచి ప్రైవేటు ఎల్‌కేజీకి, మళ్లీ ప్రభుత్వ బడికి ముందుకూ వెనక్కూ తిరిగినవాళ్లు చాలామంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇంతమంది బడుల్లో ఉన్నా ఐదేళ్లు వచ్చేసరికి ఉండాల్సిన సంసిద్ధత చాలామందిలో కనిపించలేదు.

కారణం రెండు వైపులా ఉంది. అంగన్‌వాడీల్లో భోజనం, బరువు తూచడం, రిజిస్టర్ల మధ్య ఆటపాటల చదువుకు సమయం చిక్కలేదు. ప్రైవేటు నర్సరీల్లో సమయం ఉంది కానీ, అది ఒకటో తరగతిని కిందికి లాగి పెట్టినట్టుంది. కాపీ రాయడం, బృందంగా అప్పజెప్పడం, హోంవర్క్. తల్లిదండ్రులు డబ్బు కట్టి కొనుక్కున్నది అక్షరాలే, అక్షరాల కింద ఉండాల్సిన పునాది కాదు. ఐదేళ్ల వయసులో సంసిద్ధత బాగున్న పిల్లలు ఆ తర్వాతి తరగతుల్లో చదవడం, లెక్కల్లో ముందున్నారన్నది కూడా ఈ అధ్యయనమే చూపింది.

బడికి సిద్ధంగా లేని పిల్లల గురించి మొదలైన ఈ పరిశోధన చివరికి వేలు పెట్టి చూపింది శిశుకేంద్రాల పనితీరును. ఒక్కొక్క పిల్లను కొలిస్తే ‘ఈమె వెనకబడింది’ అనిపిస్తుంది. వేలమందిని కలిపి చూస్తే ‘వీరికి అందాల్సింది అందలేదు’ అని తెలుస్తుంది.

ఒక ఏడాది తేడా ఎంత పెద్దదో

అరవై నెలల పిల్లకూ డెబ్బై ఒక్క నెలల పిల్లకూ ఎల్‌కేజీ, యూకేజీ రిజిస్టర్‌లో తేడా కనిపించదు. ఇద్దరికీ ‘ఐదేళ్లే’. కానీ ఐదేళ్ల పిల్లకు పదకొండు నెలలంటే తన జీవితంలో దాదాపు ఐదో వంతు. మాటల్లో, చేతివేళ్ల పట్టులో, కుదురుగా కూర్చోవడంలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

మన తరగతి గదుల్లో వయసుల తేడా ఏడాదితో ఆగదు. దేశంలోని 26 జిల్లాల్లో జరిగిన 2019 అసర్ సర్వే ప్రకారం, ఒకటో తరగతిలో ఉన్నవారిలో సరిగ్గా ఆరేళ్ల వయసువారు 41.7 శాతమే. నాలుగైదేళ్లవారు 21.9 శాతం, ఏడెనిమిదేళ్లవారు 36.4 శాతం. ఒకే బెంచీ మీద నాలుగేళ్ల బుడతడూ ఎనిమిదేళ్ల పిల్లాడూ ఉండవచ్చన్నమాట. అదే సర్వేలో ఒకే తరగతిలో పెద్ద వయసు పిల్లలు చిన్నవారికంటే దాదాపు అన్ని పనుల్లోనూ మెరుగ్గా చేశారు.

వయసును పట్టించుకోని కొలత ఎంత నష్టం చేయగలదో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం చూపింది. అక్కడ డిసెంబరు 31 బడి వయసు గీత. 2012లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, జనవరిలో పుట్టిన మగపిల్లల కంటే డిసెంబరులో పుట్టినవారికి ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం ఉన్నట్టు నిర్ధారించే అవకాశం 30 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లో అది 70 శాతం. జబ్బు పుట్టిన నెలను బట్టి రాదు. క్లాసులో అందరికంటే చిన్నవారు కావడమే చాలామంది విషయంలో ‘లోపం’గా కనిపించిందన్నమాట. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్న జాతీయ విద్యావిధానం నియమం వెనక ఇలాంటి ఆలోచన ఉంది. పుట్టినతేదీని ఏడాది ముందుకు జరిపి చేర్పించే అలవాటు ఉన్నచోట, ఆ నియమం వల్ల లాభం ఎంతన్నది తల్లిదండ్రుల చేతుల్లోనే ఉంటుంది.

ఇంటి భాష ఒకటి, పరీక్ష భాష మరొకటి

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో పుదుచ్చేరి, కారైక్కాల్‌లలో తమిళం, యానాంలో తెలుగు, మాహేలో మలయాళం మాట్లాడతారు. చాలాకాలం పుదుచ్చేరి, కారైక్కాల్‌ బడులు తమిళనాడు సిలబస్‌ను, యానాం ఆంధ్రప్రదేశ్ సిలబస్‌ను, మాహే కేరళ సిలబస్‌ను అనుసరించాయి. ఇటీవల ప్రభుత్వ బడులు సీబీఎస్ఈ వైపు మళ్లాయి. ఇలాంటి చోట ఒకే సంసిద్ధత పరీక్షను అన్ని భాషల్లోకి అనువదించి ఇస్తే సరిపోతుందా?

సరిపోదనడానికి తెలుగు లిపే సాక్ష్యం. ఇంగ్లిష్ పరీక్షలు 26 అక్షరాల గుర్తింపును, ఒక్కో ధ్వనిని విడదీసి వినడాన్ని చూస్తాయి. తెలుగు పిల్ల వినేదీ రాసేదీ విడి ధ్వనిని కాదు, అక్షరాన్ని. ‘కమల’లో క-మ-ల అని మూడు చప్పట్లు కొట్టగలగడం మన దగ్గర సంసిద్ధతకు మంచి గుర్తు. ‘క్’, ‘అ’ అని విడగొట్టడం తర్వాతెప్పుడో వస్తుంది. పైగా గుణింతాలు, ఒత్తులతో కలిపితే మన లిపిలో నేర్చుకోవాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. తెలుగుకు దగ్గరి లిపి ఉన్న కన్నడంలో సోనాలి నాగ్ జరిపిన పరిశోధన, అక్షరాల మీద పూర్తి పట్టు ఒకటి రెండు తరగతుల్లో ముగిసేది కాదని, ఆ తర్వాత కూడా సాగుతుందని చూపింది. ఇంగ్లిష్ గడియారంతో కొలిస్తే తెలుగు పిల్ల ‘ఆలస్యం’గా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆమె తన లిపి వేగంలోనే ఉంది.

ఇంకో చిక్కు ఇంగ్లిష్ మీడియం నర్సరీల్లో ఉంది. ఇంట్లో తెలుగో తమిళమో మాట్లాడే పిల్లను ఇంగ్లిష్‌లో ‘వాట్ ఈజ్ దిస్?’ అని అడిగి, ఆమె మౌనంగా ఉంటే ‘భాష రాలేదు’ అని రాసుకోవడం. ఆమెకు వస్తువు తెలుసు, పేరూ తెలుసు. అడిగిన భాష తెలియదు. అందుకే సంసిద్ధతను ఇంటి భాషలోనే చూడాలన్నది ఈ రంగంలో తొలి పాఠం.

ఆస్ట్రేలియా ఏం చేస్తోంది?

జనాభా స్థాయి కొలతకు ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ ఆస్ట్రేలియా. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో డాన్ ఆఫర్డ్, మగ్దలీనా జానుస్ రూపొందించిన ప్రశ్నావళిని తనకు తగ్గట్టు మార్చుకుని, 2009 నుంచి మూడేళ్లకోసారి దేశమంతటా వాడుతోంది. పిల్లలను కూర్చోబెట్టి పరీక్ష పెట్టరు. బడిలో చేరిన మొదటి ఏడాది, పిల్లలను కొన్ని నెలలుగా చూస్తున్న టీచరే ఐదు రంగాలపై ప్రశ్నలకు జవాబులు నింపుతారు.

ఫలితాలు ఒక్కో పిల్ల పేరు మీద రావు. పేటల వారీగా, ఊళ్ల వారీగా మ్యాపుల్లో వస్తాయి. కనీసం ఒక రంగంలోనైనా వెనకబడే ప్రమాదం ఉన్న పిల్లలు 2009లో 23.6 శాతం, 2018లో 21.7 శాతం, 2024లో 23.5 శాతం అని తేలింది. పదిహేనేళ్లలో వచ్చిన కాస్త మెరుగుదల కూడా నిలవలేదన్న చేదు నిజాన్ని ప్రభుత్వం దాచుకోలేకపోయింది. ఏ పేటలో మాటల సమస్య ఎక్కువగా ఉందో అక్కడ గ్రంథాలయాలు, ఆటల బృందాలు, స్పీచ్ థెరపిస్టులు అడగడానికి స్థానిక సంస్థల చేతిలో ఆధారం ఉంటుంది.

ఇంగ్లండ్ మరో దారి పట్టింది. 2021 సెప్టెంబరు నుంచి బడిలో చేరిన తొలి వారాల్లో ప్రతి పిల్లతో ఇరవై నిమిషాల సేపు చిన్న పనులు చేయిస్తున్నారు. అక్కడ కూడా మార్కులు తల్లిదండ్రులకు ఇవ్వరు. ఏడేళ్ల తర్వాత ఆ పిల్లలను బడి ఎంత ముందుకు తీసుకెళ్లిందో లెక్కగట్టడానికే వాడతారు. ఫ్రాన్స్ 2019 నుంచి మూడేళ్లకే చదువును తప్పనిసరి చేసింది. ఒకటో తరగతికి సమానమైన మెట్టు మొదట్లో భాష, లెక్కల్లో జాతీయ మదింపు జరుపుతోంది. టీచరు తన బోధనను సర్దుకోవడం కోసం అది. మూడు దేశాలూ మూడు పద్ధతులు ఎంచుకున్నాయి. మూడింటిలోనూ ఆ ఫలితాన్ని చూపి పిల్లను బడి గుమ్మం దగ్గర ఆపడం లేదు.

చట్టం ఏం చెబుతోంది?

భారత్‌లో ఈ విషయం చట్టంలోనే ఉంది. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఎలాంటి వడపోత పరీక్షా పెట్టకూడదు. మొదటి ఉల్లంఘనకు 25 వేల రూపాయలు, ఆపై ప్రతి ఉల్లంఘనకు 50 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. అయినా ‘ఇంటరాక్షన్’ పేరుతో నర్సరీ పిల్లలను మాట్లాడించి, తల్లిదండ్రుల ఇంగ్లిష్‌ను తూచే అలవాటు పట్టణాల్లో పోలేదు. ఆ పది నిమిషాల్లో తెలిసేది పిల్ల సంసిద్ధత కాదు, ఇంటి ఆదాయం.

చట్టంలో ఒక లోటూ ఉంది. అది హక్కుగా గుర్తించింది ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు చదువునే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల విషయంలో ప్రభుత్వం ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అంటుంది తప్ప ‘చేయాలి’ అనదు. సంసిద్ధత ఏర్పడాల్సిన మూడేళ్లు హక్కు పరిధికి బయట ఉన్నాయి. ఆ మూడేళ్ల లోటుకు జవాబు చెప్పాల్సింది మాత్రం ఒకటో తరగతి గుమ్మంలో నిలబడ్డ పిల్ల.

2021లో మొదలైన నిపుణ్ భారత్ ఈ ఖాళీని కొంత పూడ్చే ప్రయత్నం చేసింది. దాని కింద ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన ‘విద్యా ప్రవేశ్’ ఒకటో తరగతి మొదటి మూడు నెలలను ఆటపాటల సన్నాహానికి కేటాయిస్తుంది. శిశుపాఠశాలకు వెళ్లినా వెళ్లకపోయినా అందరినీ చేర్చుకుని, బడిలోనే సిద్ధం చేయాలన్నది దీని ఆలోచన. అంటే సంసిద్ధత ప్రవేశానికి షరతు కాదు, బడి చేయాల్సిన మొదటి పని. టీచర్లు ఆ మూడు నెలలను పాఠాలు మొదలుపెట్టడానికి అడ్డంకిగా చూడకుండా ఉంటేనే ఇది ఫలిస్తుంది. అంగన్‌వాడీల్లో చదువుకు చోటు పెంచేందుకు 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ శిక్షణ మొదలైంది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక వచ్చింది.

కొలిచే ముందు అడగాల్సినవి

చదువు ఒక్కటే చూస్తే చిత్రం పూర్తికాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఇనుము లేని పిల్ల నీరసంగా, పరధ్యానంగా ఉంటుంది. సంసిద్ధత పరీక్షలో ఆమెకు తక్కువ వస్తే దానికి బదులు చెప్పాల్సింది పలకా బలపం కాదు, ఐరన్ చుక్కలు, తిండి.

కాబట్టి ఏ సంసిద్ధత కొలతనైనా నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. పిల్ల ఇంటి భాషలో జరిగిందా? నెలలతో సహా వయసును లెక్కలోకి తీసుకుందా? అక్షరాలే కాక ఐదు రంగాలనూ చూసిందా? ఫలితం తేలాక సాయం ఎటు కదులుతుంది, పిల్ల వైపా, లేక పిల్లకు దూరంగానా? చివరిదానికి ‘ఫలితం చూసి ప్రవేశం నిరాకరిస్తారు’ అన్నది జవాబైతే మొదటి మూడూ బాగున్నా ఆ కొలత తప్పే.

తల్లిదండ్రులకూ దీంతో పని ఉంది. నాలుగేళ్ల పిల్ల రాయలేకపోతోందని కంగారుపడే బదులు, పిలిస్తే పలుకుతోందా, రెండు మూడు మాటలు కలిపి వాక్యంగా చెబుతోందా, ఇతర పిల్లలతో ఆడుతోందా అని చూసుకోవాలి. వీటిలో లోటు అనిపిస్తే ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. అన్నీ బాగుండి అక్షరాలే రాకపోతే అది బడి నేర్పాల్సిన విషయం.

2011 జనగణన ప్రకారం పుదుచ్చేరి ప్రాంత జనాభా పన్నెండున్నర లక్షలకు కాస్త తక్కువ, యానాం జనాభా 55,626. ఇంత చిన్న ప్రాంతంలో ఒకటో తరగతిలో చేరే పిల్లలందరినీ వారి టీచర్ల కళ్లతో, వారి భాషలోనే చూసి, పేటల వారీగా లెక్క తీయడం పెద్ద రాష్ట్రాలతో పోలిస్తే తేలిక. మూడు భాషలూ ఒకే విద్యాశాఖ కింద ఉన్నాయి కాబట్టి, యానాంలో పనికొచ్చిన తెలుగు ప్రశ్నావళి గోదావరి అవతలి జిల్లాలకూ పనికొస్తుంది. అప్పుడు ఆ లెక్క ఏ పేట అంగన్‌వాడీకి మరో టీచరు కావాలో, ఏ బడిలో పిల్లల చెవులు పరీక్షించాలో చెబుతుంది. ఒకటో తరగతి గుమ్మంలో నిలబడ్డ ఐదారేళ్ల పిల్ల మాత్రం ఎవరికీ ఏమీ రుజువు చేయనక్కర్లేకుండానే లోపలికి నడుస్తుంది.